చింతచెట్టు, బతుకమ్మ కుంట, సెలైన్ ఎక్కించుకున్న మర్రి

సుల్తాన్ బజార్ పక్కనే కోఠి ఫుట్‌పాత్ మీద అమ్మే జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లోనూ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల నోటుబుక్కుల్లోనూ ‘మొట్టమొదటి’, ‘అతి పెద్ద’, ‘ఏకైక’ అనే మాటలకు కొదవ ఉండదు. చెట్లూ చెరువులూ అడవుల విషయంలో మన హైదరాబాద్ ఖాతాలో కూడా అలాంటివి ఉన్నాయి. బిట్లుగా బట్టీ పట్టి వదిలేసేంత చిన్న సంగతులు కావవి.

150 మందిని మోసిన చెట్టు

సుల్తాన్ బజార్ నుంచి పుత్లీబౌలి మీదుగా నడుచుకుంటూ ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లిపోవచ్చు. ఆ ఆవరణలో, ఒకప్పటి అఫ్జల్ పార్కులో, ఓ పెద్ద చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది నగరం మీద విరుచుకుపడ్డప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదకు బలైనవాళ్లు 15 వేల మంది దాకా ఉంటారని అంచనా. ఒక్క చెట్టు ఒక్క రోజులో అంతమందిని కాపాడిందని నేను మరెక్కడా వినలేదు.

అన్ని నీళ్లు ఎక్కడివి? నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయని తేలింది. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు కట్ట తెగితే ఆ ఉరవడికి కింది చెరువు కట్ట ఆగదు. వాననీళ్లకు చెరువుల నీళ్లు తోడై ఊరి మీద పడ్డాయన్నమాట. ఆయన సలహా మీదే నగరానికి ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వాటిలోకి నీళ్లొచ్చే దారులను కాపాడటానికి 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో జీవో వచ్చింది. వాగుల్నీ వంకల్నీ వదిలేసి చెరువును ఒక్కదాన్నే కాపాడటం జరిగే పని కాదు. అందుకే ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మట్టి తీస్తే ఊరిన కుంట

అశోక్‌నగర్ వాళ్లకు హుస్సేన్‌సాగర్ నాలా గురించి కొత్తగా చెప్పేదేం లేదు. సాగర్ నిండితే అలుగు నీళ్లు ఆ నాలా పట్టుకునే మూసీలో కలుస్తాయి. 2000 ఆగస్టు 24న ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడి చుట్టుపక్కల బస్తీలు మునిగిపోయాయి.

అక్కడికి దగ్గర్లోనే, బాగ్ అంబర్‌పేటలో ఉంది బతుకమ్మ కుంట. 1962-63 నాటి రికార్డుల ప్రకారం 14 ఎకరాల పైచిలుకు. మట్టీ, కూల్చిన ఇళ్ల శిథిలాలూ తెచ్చి పోస్తూ పోగా చివరికి మిగిలింది 5 ఎకరాల చిల్లర, అందులోనూ చుక్క నీరు లేకుండా ముళ్లపొదలు. 2025 ఫిబ్రవరిలో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ జేసీబీలు దింపింది. నాలుగైదు అడుగులు తవ్వారో లేదో నీళ్లు ఉబికి వచ్చాయి! ఎక్కడో మంచినీటి పైపు పగిలిందేమోనన్న అనుమానమూ వచ్చింది. పరిశీలిస్తే అది కుంటలోని ఊటే. ఏళ్ల తరబడి పైన ఎంత మట్టి పోసినా కింద జల చావలేదు. సుమారు 7 కోట్ల 40 లక్షల ఖర్చుతో పూడిక తీసి, గట్టు కట్టి, వరదనీరు లోపలికి వచ్చే దారి, నిండితే బయటికి పోయే దారి రెండూ వేశారు. 2025 సెప్టెంబర్ 28న, బతుకమ్మ పండుగ రోజుల్లో, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. 1908 వరద తేదీ కూడా అదే. ఆ వారంలోనే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి.

నన్నడిగితే ఈ జాబితాలో మొదటి స్థానం ఈ ఐదెకరాల కుంటకే ఇవ్వాలి. గజం లక్షలు పలికే చోట నేలను తిరిగి నీటికి అప్పజెప్పడం చిన్న విషయం కాదు. హైడ్రా అదే విడతలో మాదాపూర్ తమ్మిడికుంట, సున్నం చెరువు, కూకట్‌పల్లి, ఉప్పల్‌లలోని నల్లచెరువులు, శివరాంపల్లి బమ్‌రుక్నుద్దౌలా చెరువు కూడా చేపట్టారు.

మూడూ ఇక్కడే

తెలంగాణలో జాతీయ పార్కులు మూడే. ఆ మూడూ హైదరాబాద్‌లోనో, ఊరి అంచుల్లోనో ఉన్నాయి: కేబీఆర్, చిలుకూరు మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. దట్టమైన అడవులున్న ఆదిలాబాద్, ములుగు వైపు ఒక్కటీ లేదు, అక్కడున్నవి అభయారణ్యాలు. హరిణ వనస్థలిని 1975లో, మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరాన, కృష్ణజింకల కోసం ఏర్పాటు చేశారు. దాదాపు 3,600 ఎకరాలు.

మొక్కల సంగతికొస్తే, 2021లో ‘ట్రీ సిటీ ఆఫ్ ది వరల్డ్’ గుర్తింపు పొందిన తొలి భారతీయ నగరం హైదరాబాద్. మరుసటి ఏడాది దక్షిణ కొరియాలోని జెజులో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పచ్చదనానికి ప్రపంచ హరిత నగర అవార్డు. నగరం బయటికొస్తే, ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య ఒక్కరే కోటికి పైగా మొక్కలు నాటారని చెబుతారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఆసుపత్రి వైద్యం

నగరం దాటితే చెప్పుకోవాల్సిన చెట్లు ఇంకా ఉన్నాయి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను తన విస్తీర్ణంతో 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి విస్తీర్ణంలో దానికి సాటి రాకపోవచ్చు, కానీ దానికి జరిగిన వైద్యం మాత్రం అపూర్వం. సుమారు 700 ఏళ్ల వయసున్న ఈ మర్రికి చెదలు పట్టి, 2017 డిసెంబర్‌లో ఓ పెద్ద కొమ్మ విరిగి పడింది. సందర్శకులను ఆపేశారు. మానుకు రంధ్రాలు చేసి చెదల మందు పోస్తే అది లోపల నిలవకుండా బయటికి కారిపోయింది. అప్పుడు అటవీశాఖ వాళ్లకు సెలైన్ సీసాలు గుర్తొచ్చాయి. నీళ్లలో కలిపిన క్లోర్‌పైరిఫాస్‌ను సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి, సూదులతో బెరడులోకి బొట్టుబొట్టుగా ఎక్కించారు. ప్రతి రెండు మీటర్లకు ఒక సీసా, అలా వందల సీసాలు. బరువుకు వంగిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు.