చెవులతో చదువుకొను చరిత్రము

పురాణకాలక్షేపము వినుచు పెరిగిన మనకు చెవిద్వారా చదువు క్రొత్త గాదు. పాడ్‌కాస్టు అను పేర నదియే మరల మన యిండ్లకు వచ్చినది.

అమెరికా దేశీయుడగు మైక్ డంకన్ 2007లో వేడుకకై రోముచరిత్రమును చెప్ప నారంభించెను. ఏ రేడియో సంస్థయు నాతని వెనుక లేదు. భాగములు 170కి మించినవి. 2012లో, పడమటి సామ్రాజ్యము 476లో కూలుటతో, కథ ముగించెను. ఇంగ్లండున డేవిడ్ క్రౌథర్ 2010లో తన పెరటికొట్టమునుండి స్వదేశచరిత్రమును మొదలిడెను.

సాధనములు స్వల్పములు: మైకు, కంప్యూటరు, సద్దులేని గది. చుట్టును బొంతలు వ్రేలాడదీసిన ప్రతిధ్వని తగ్గును. శ్రమయంతయు చదువుటయందును, వ్రాయుటయందును, తడబాట్లు కత్తిరించుటయందును గలదు. ఆపిల్, స్పాటిఫై జాబితాలలో నొకసారి చేర్చినచో క్రొత్తభాగము శ్రోతకు దానంతటనే చేరును. తక్కిన ప్రచారము శ్రోతల నోటిమాటయే.

శ్రోతలు పెరుగకున్న నిజమునకు రంగు పూయు బుద్ధి పుట్టును. అచటనే జాగ్రత్త వలయును. 1289 నాటి చందుపట్ల శాసనము రుద్రమదేవి శివలోకము చేరెనని తెలుపును గాని, యుద్ధమున మరణించెనని చెప్పదు. యుద్ధమరణము పండితుల యూహ. ఊహను ఊహగనే చెప్పినచో కథకు లోటు రాదు. వినువారికి నమ్మకము హెచ్చును.

పుస్తకము పట్టుటకు తీరికలేని యిల్లాలు వంటచేయుచు వినును. ఆమెకు సరిచూచుకొను నవకాశ ముండదు. కావున చెప్పువారే సరిచూడవలెనని మా మనవి.