పెద్ద ఉల్లి, చిన్న ఉల్లి

ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదందురు. ఏ ఉల్లి యనునది మాత్రము సామెత చెప్పదు. అంగడిలో పెద్ద ఉల్లియు, సాంబారులోనికి వాడు చిన్న ఉల్లియు పక్కపక్కనే యుండును. చిన్నదాని ధర తరచు హెచ్చు. ఆ హెచ్చు ధరకు తగిన సారము దానిలో కలదా?

ఈ రెండింటిని ఒకప్పుడు వేర్వేరు జాతులని తలచిరి. నేడు ఒకే జాతిలోని భేదములుగా నెంచుచున్నారు. పెద్దది ఒంటిగడ్డ. చిన్నది గుత్తిగా పిలకలు వేయును.

తూకమున పెద్దదే గెలుచును. వానకారు పంటకు పేరొందిన అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ రకము మంచి సేద్యమున హెక్టారుకు సుమారు 30 టన్నులు పండును. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి కో-5 చిన్న ఉల్లి, దాదాపు 90 దినములలో, సుమారు 18 టన్నులిచ్చును.

అయితే నీరుల్లి యను పేరులోనే నీరున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు ప్రకటించిన పట్టికలలో, 100 గ్రాముల పెద్ద ఉల్లికి నీరు 86.6 గ్రాములు, మాంసకృత్తులు 1.2 గ్రాములు. చిన్న ఉల్లికి నీరు 84.3, మాంసకృత్తులు 1.8. ఈ లెక్కను పొలమునకు వర్తింపజేసి చూడుడు. 30 టన్నుల పెద్ద ఉల్లిలో మాంసకృత్తులు 360 కిలోలు. 18 టన్నుల చిన్న ఉల్లిలో 324 కిలోలు. తూకమున 12 టన్నులున్న వ్యత్యాసము ఇక్కడ 36 కిలోలకు దిగినది!

ఇంతటితో చిన్న ఉల్లి గెలిచినదనరాదు. పట్టికలోని అంకెలు పొట్టు తీసిన గడ్డకు చెందినవి. చిన్న గడ్డలు వలుచుటలో ఎంత శ్రమయో, ఎంత వ్యర్థమో వంటింటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. రైతుకు మరియొక భారము కలదు: చిన్న ఉల్లిని గడ్డలతో నాటినచో హెక్టారుకు టన్నుకు పైగా గడ్డలు విత్తనముగ కావలెను, పెద్ద ఉల్లికి పది కిలోల విత్తనము చాలును. కో-5 పూచి గింజకట్టు రకమగుటచే ఈ భారము కొంత తగ్గినది.

నిజమునకు మాంసకృత్తుల కొరకు ఉల్లిని తినువారెవరు? దినమునకు 50 గ్రాములు వాడినచో రెండింటికిని వ్యత్యాసము గ్రాములో మూడవ వంతైనను లేదు; చెంచాడు కందిపప్పు అంతకు మించి యిచ్చును. ఎర్ర ఉల్లిలోని క్వెర్సెటిన్ అను పదార్థము వెలుపలి పొరలలో హెచ్చుగానుండును. కావున ఎండిన పొట్టు మాత్రమే తీసి, కండగల పొరను ఉంచుకొనవలెను.

చిన్న ఉల్లి ధర పెద్దదానికి ఒకటిన్నర రెట్లు మించినచో, మాంసకృత్తుల పేరున దానిని కొనుట నష్టమే. సాంబారు రుచి కొరకు కొనుట వేరు సంగతి.