రొదలో కూడా మాట వినే ఫోన్: ఇచ్చే ముందు తెలుసుకోవలసినవి

చేతులు కదలని మనిషికి ఫోన్ కొని ఇవ్వడం తేలిక. ఆ ఫోన్ ఆయన మాట వినేలా చూడడం కష్టం. ఈ సంగతి మాకు ఒక సోదరుని ఇంట్లో తెలిసివచ్చింది.

ఆయన తాపీ మేస్త్రి. పరంజా మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నది. కాళ్లూ చేతులూ కదలవు. ఇంట్లోవాళ్లు పనులకు వెళ్లాక ఒంటరిగా ఉంటారు. ఒక దాత ఇచ్చిన సొమ్ముతో మాటతో నడిచే ఫోన్ కొన్నాం. దుకాణంలో పరీక్షిస్తే అది ప్రతి మాటా విన్నది. నెల తర్వాత వెళ్లి చూస్తే గూట్లో పడి ఉంది. "అమ్మీకి ఫోన్ చెయ్ అంటే పలకదు భాయ్. కూలర్ ఆపితే పలుకుతుంది. ఆ కూలర్ ఆపడానికే కదా నాకు మనిషి కావాలి!" అన్నారు ఆయన.

మేము నిశ్శబ్దంగా ఉన్న దుకాణంలో పరీక్షించి, రొద నిండిన గదిలో ఇచ్చాం. పొరపాటు మాదే. అలాంటిది మళ్లీ జరగకూడదని, తెలిసినవారిని అడిగి నేర్చుకున్నది దాతలందరి ముందు ఉంచుతున్నాం.

మన చెవి, ఫోన్ చెవి

పెళ్లి విందులో వందమంది మాట్లాడుతున్నా ఎదుట కూర్చున్నవారి మాట మనకు అందుతుంది. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ శక్తి మీద పేరొందిన ప్రయోగాలు చేశారు. మనకు రెండు చెవులున్నాయి. ఎదుటివారి పెదవులు కనిపిస్తాయి. ఏ విషయం నడుస్తోందో తెలుసు. ఫోన్ మైకుకు ఇవేవీ లేవు. కూలర్ హోరు, టీవీ, వీధిలో ఆటో, రోగి మాట అన్నీ కలిసిపోయిన ఒకే అల దానికి చేరుతుంది. అందులో నుంచి మాటను వేరుచేయాలి.

కాబట్టి రొద ఎంత ఉందన్నదొక్కటే చూస్తే చాలదు. రొద కంటే మాట ఎంత బలంగా మైకుకు చేరుతోందన్నది అసలు లెక్క. మెడ దెబ్బతిన్నవారిలో చాలామందికి ఊపిరి బలం తగ్గి గొంతు సన్నగా వస్తుంది. వారి విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం.

దూరమే పెద్ద శత్రువు

శబ్దం దూరం పోయేకొద్దీ వేగంగా బలహీనపడుతుంది. ఆరుబయట దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. నోటికి 1 మీటరు దూరంలో ఉన్న మైకును 10 సెంటీమీటర్ల దగ్గరకు తెస్తే, మాట దాదాపు 100 రెట్ల తీవ్రతతో చేరుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల ఈ లెక్క కొంత మారుతుంది గానీ దారి అదే. మూలనున్న కూలర్ హోరు మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఖరీదైన ఫోన్ గూట్లో ఉండడం కంటే మామూలు మైకు నోటి దగ్గర ఉండడం మేలు.

రొదల్లో తేడాలు

ఫ్యాను, కూలర్ హోరు ఒకే తీరున సాగుతుంది. ఆ తీరును పసిగట్టి తీసివేయడం ఫోన్‌కు కొంత సులువు. టీవీ అలా కాదు. అదీ మనిషి మాటే కనుక, ఏది తన యజమాని మాటో ఫోన్‌కు తేలదు. ఇక ఫ్యాను గాలి నేరుగా మైకుకు తగిలితే బరబరమనే చప్పుడు పుడుతుంది. దానికి మైకు మీద చిన్న స్పంజి తొడుగు చాలు.

గట్టిగా అరిస్తే వింటుందనుకోవడం కూడా పొరపాటే. రొదలో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో వివరించారు. అలా పెంచినప్పుడు బిగ్గరదనంతో పాటు గొంతు తీరూ, అక్షరాల సాగతీతా మారిపోతాయి. మామూలు మాటలతో శిక్షణ పొందిన యంత్రం అక్కడే తడబడుతుంది.

ఇంజనీర్లు చేసినవి

ఒక పద్ధతి, ఒకటికి మించి మైకులు పెట్టడం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మైకులకు అది సెకనులో పదివేలవ వంతులు మూడింటి వరకు తేడాతో చేరవచ్చు. ఆ తేడాను బట్టి మాట ఏ వైపు నుంచి వస్తోందో యంత్రం తెలుసుకుని ఆ వైపే చెవి పెడుతుంది. 2014లో వచ్చిన మొదటి అమెజాన్ ఎకోలో ఏడు మైకులున్నది ఇందుకే. రెండో పద్ధతి, తాను వినిపిస్తున్న పాటను తాను విన్నదాంట్లోంచి తీసివేయడం. మూడోది, శిక్షణలోనే మాటలకు బజారు రొద, బండ్ల మోత కలిపి వినిపించడం.

అయితే రొదను మరీ గట్టిగా కడిగేస్తే 'స', 'ఫ' వంటి మెత్తని ధ్వనులు కూడా కొట్టుకుపోతాయి. మన చెవికి శుభ్రంగా తోచినది యంత్రానికి అర్థం కాకపోవచ్చు.

ఇచ్చే ముందు చూడవలసినవి

పరీక్ష ఆ మనిషి గదిలోనే జరగాలి. ఫ్యాను, కూలర్, టీవీ అన్నీ నడుస్తుండగా ఆయన చేతనే ఇరవైసార్లు పిలిపించి, ఎన్నిసార్లు పలికిందో రాసుకోవాలి. ఎవరూ పిలవకుండానే ఎన్నిసార్లు మేలుకుందో కూడా చూడాలి. ఆయన ఇంట్లో మాట్లాడే తెలుగు, ఉర్దూ మాటలతోనే పరీక్షించాలి. తగిలించిన మైకునే ఫోన్ వాడుతోందో లేదో చూడాలి. పేర్లు మరీ పొట్టిగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండకూడదు. "అమ్మీ", "మామీ" రెండూ ఉంటే పొరబడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రాణావసరానికి మాట ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. కరెంటు పోవచ్చు, నెట్ పోవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. తలతోనో గడ్డంతోనో నొక్కగలిగే గంట మీట ఒకటి పక్కన ఉండాలి.

ఆ సోదరుని మంచానికి ఒక స్టాండు బిగించి మైకును నోటి దగ్గరకు తెచ్చాం. అమ్మీ పేరును ఇంటి పేరుతో కలిపి మార్చాం. ఇప్పుడు కూలర్ నడుస్తున్నా ఫోన్ పలుకుతోంది. టీవీ గట్టిగా పెడితే ఇప్పటికీ తికమకపడుతుంది. అందుకే తల పక్కన గంట మీట కూడా పెట్టాం.

దాతలకు మా మనవి ఒక్కటే. ఫోన్‌కని ఇచ్చే సొమ్ములో కొంత మైకుకు, స్టాండుకు, గంటకు మిగల్చండి. ఇచ్చిన నెల తర్వాత ఒకసారి ఆ ఇంటికి వెళ్లి చూసివచ్చే మనిషి ఖర్చు కూడా అందులో కలపండి. ఫోన్ గూట్లో పడి ఉందో, పలుకుతోందో అప్పుడే తెలుస్తుంది.