గుండెపొర శోథ: దాని జాడలు

హైదరాబాదులోని కొత్తగూడ కూడలి చుట్టును కొండాపూరు త్రోవ పొడవునను వెలసిన హాస్టళ్లలో నివసించుచు, రాత్రి షిఫ్టులలో పనిచేయు యువతీయువకులకు ఛాతీలో పోటు కలిగినపుడు తోచు ఊహలు సాధారణముగా రెండే: గ్యాసు నొప్పి యని మందుల షాపునుండి మాత్ర తెచ్చి మ్రింగుట, లేక గుండెపోటే యని బెదరిపోవుట. ఈ రెంటికిని చెందని వ్యాధి యొకటి కలదు. హృదయమును చుట్టియున్న రెండు పొరల సంచికి శోథ కలుగుటయే యది. వైద్యులు దానిని పెరికార్డైటిస్ అందురు.

ఆ పొరల నడుమ ఆరోగ్యవంతులలో 15 మొదలు 50 మిల్లీలీటర్ల వరకు ద్రవముండి, దినమునకు దాదాపు లక్షసార్లు స్పందించు గుండెకు రాపిడి తగులకుండ కాపాడును. పొరలు వాచి గరుకుదేరినపుడు అవి యొండొంటితో నొరసికొనగా, స్టెతస్కోపు పెట్టిన వైద్యునికి క్రొత్త తోలుచెప్పుల కిర్రుచప్పుడు వంటి ధ్వని వినవచ్చును. నొప్పి తీక్ష్ణమైనది, ఊపిరి గట్టిగా పీల్చినపుడును, దగ్గినపుడును, వెల్లకిల పరుండినపుడును హెచ్చి, లేచి కూర్చుండి ముందునకు వంగినంతనే తగ్గుముఖము పట్టును, మెడకును భుజమునకును నడుమనున్న కండరమునకు, తరచుగా ఎడమవైపున, ప్రాకును. గుండెపోటు నొప్పి భంగిమను మార్చినంత మాత్రమున ఇట్లు తగ్గదు. అయినను ఈ గుర్తొక్కదానినే నమ్మి ఇంటిలో నిర్ణయము చేసికొనరాదు, ఇ.సి.జి. తీయుటకు పట్టునది కొన్ని నిమిషములే. గుండె కండరము దెబ్బతిన్నపుడు రక్తములోనికి వెలువడు ట్రోపోనిన్ సైతము పెరిగి, ఆయాసమును గుండెదడయు తోడైనచో, శోథ గుండె కండరమునకును ప్రాకినదేమో యని శంకింపవలెను.

కారణములలో వైరస్‌లు ముఖ్యమైనవి. జలుబో జ్వరమో వచ్చి తగ్గిన కొలది దినములకు నొప్పి మొదలగును. మూత్రపిండములు చెడినవారికిని, లూపస్, కీళ్లవాతము కలవారికిని, గుండెపోటు లేక గుండె శస్త్రచికిత్స జరిగినవారికిని ఇది రావచ్చును. వైరస్ వలన వచ్చినది విశ్రాంతితోను, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మందులతోను చాలమందికి శమించును గాని తిరుగబెట్టు స్వభావము కలది. 240 మంది రోగులపై ఇటలీ వైద్యులు జరిపి 2013లో ప్రకటించిన పరిశీలనలో, వ్యాధి తగ్గకుండుటయో తిరుగబెట్టుటయో ఆ మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 37 మందికి పైగా కనబడగా, కొల్చిసిన్ అను మందును చేర్చి ఇచ్చినవారిలో 17 మందికి లోపే కనబడినది. ఈ ద్రవ్యమే మన అడవినాభి గింజలలోను దుంపలోను గలదు. ఆ మొక్క విషమగుటకు కారణము నదియే కనుక, నాటుమందుగా దానిని ముట్టుట ప్రాణాపాయము.

నన్ను ఎక్కువ కలవరపరచునది నొప్పి అంతగా లేని రూపము. మనదేశమున గుండెపొరలో నీరు చేరుటకు ముఖ్యకారణములలో క్షయ యొకటి. నిజాము కాలమున వికారాబాదు చెంత అనంతగిరి కొండలపై చికిత్సాలయము కట్టింపవలసివచ్చిన ఆ వ్యాధి గతించిన దనియు, పేదల ఇండ్లకే పరిమిత మనియు భావించుట పొరపాటు. గాలివలన వ్యాపించు సూక్ష్మజీవికి అద్దాలమేడలలో మూసియున్న ఏ.సి. గది అడ్డు కాజాలదు. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, మెట్లెక్కునపుడు ఆయాసము, పాదముల వాపు గుండెపొరకు సోకిన క్షయకు జాడలు. నెమ్మదిగా చేరు నీరు లీటరు దాటినను గుండె కొంతవరకు సహించును. వడిగా చేరినచో 200 మిల్లీలీటర్లే దానిని అదిమి, రక్తపుపోటును పడగొట్టును. అప్పుడు సూదితో ద్రవమును తీయుటయే ప్రాణరక్షణ. క్షయ యని తేలినచో ఆరు నెలల మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును.

చికిత్స ఆలస్యమైనచో పొర దళసరియై, ఒక్కొక్కప్పుడు సున్నము పేరుకొని, గుండెను విప్పారనీయదు; అప్పుడు పొరను కోసి తీయవలసివచ్చును. కడుపు ఉబ్బగా కాలేయవ్యాధి యని మందులు వాడుచు సంవత్సరములు గడుపువారిలో ఇట్టివారు కొందరుందురు. వారు కూర్చుండియున్నపుడు మెడసిరలు పొంగియున్నవో లేవో పరికించి, పొంగియున్నచో ఎకో పరీక్షకు పంపుట వైద్యుని ప్రథమకర్తవ్యము.