ప్రభు భోజనము - చాపకూడు

తెలుగు బైబిలు విశ్వాసుల కూటమికి ‘సంఘము’ అని పేరు పెట్టినది. గ్రీకు మూలములోని ‘ఎక్లేసియా’ అను పదమునకు పిలువగా వచ్చి కూడిన జనమని అర్థము, కట్టడమని కాదు. సంఘమను మాట పల్నాటి నేలకు మిగుల పాతది. క్రీ. శ. 3, 4 శతాబ్దులలో నాగార్జునకొండ లోయలోని భిక్షువులు బుద్ధునితోను ధర్మముతోను పాటు సంఘమును శరణు జొచ్చిరి.

క్రైస్తవుడు ఏకాంతమున ప్రార్థింపవచ్చును. కాని అతని మతమునకు ప్రాణప్రదమైన ప్రభు భోజనము ఒంటరి వాని కొఱకు ఏర్పడినది కాదు. ఒక రొట్టెను విఱిచి పలువురు పంచుకొనుటయే ఆ సంస్కారము. చిక్కు కూడ అక్కడనే గలదు. ఆ పంక్తిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురు?

ఈ ప్రశ్న మొదటి శతాబ్దిలోనే కొరింథు పట్టణమున తల యెత్తినది. అచ్చటి సంఘములో కలిగినవారు ముందుగా తిని త్రాగుచుండగా, లేనివారు ఆకలితో మిగులుచుండిరి. అది ప్రభు భోజనము కానేరదని పౌలు వారిని గట్టిగా మందలించి, ఒకరి కొఱకు ఒకరు వేచియుండుడని బోధించెను.

పల్నాడు ఈ ప్రశ్నను మఱియొక రీతిగా ఎఱుగును. పండ్రెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుడు సకల కులముల వారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని వీరగాథలు చెప్పుచున్నవి. మాలకులమున పుట్టిన కన్నమదాసు ఆయనకు సేనానియై కారెంపూడి రణమున నిలిచెను.

1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1849లో గురజాలకు వచ్చి పల్నాట సువార్త ప్రకటించెను. పిమ్మట నరసరావుపేట అమెరికన్ బాప్టిస్టు మిషనుకు ఒక కేంద్రమయ్యెను. ఆ శతాబ్దిలో తెలుగునాట క్రైస్తవము స్వీకరించినవారు అధికముగా మాల మాదిగ పల్లెల వారు. ఒంటరిగా మతము మారినవానికి బంధువులు దూరమగుదురు, పని కఱవగును, పిల్లలకు సంబంధములు దొరకవు. కావుననే వారు కుటుంబములుగను పల్లెలుగను కదలివచ్చిరి. 1878 జూలై 3వ తేదీ ఒక్క దినముననే ఒంగోలు ప్రాంతమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గుంపే వారికి కోట. కాని కలసివచ్చిన గుంపులతో కులమును కలసివచ్చెను. పెక్కుచోట్ల ప్రభువు ఒక్కడే యైనను పల్లెలు వేఱుగనే ఉండెను.

1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువా క్రైస్తవ గృహమున పెరిగెను. అయినను అంటరానితనము ఆయనను వెంటాడుట మానలేదు. 1941 నాటి ‘గబ్బిలము’ ఆ వేదన నుండి పుట్టిన కావ్యము. గబ్బిలమునకు గుడిలో గల చోటు మనుష్యునకు లేకపోవుట అందలి బాధ. మతము మారినంతనే పంక్తి మారదని ఆ మహాకవి జీవితము తెలుపుచున్నది.

సంఘబలమును సభ్యుల లెక్కతోను గోపురపు ఎత్తుతోను కొలుచుట సులభము. పౌలు చూపిన కొలత వేఱు. పొలము పని ముగించుకొని ఆలస్యముగా వచ్చిన కూలివానికి పంక్తిలో చోటును, రొట్టెలో పాలును మిగిలియున్నవా? ఉన్నచో అది సంఘము. లేనిచో అది వట్టి సమూహము.