వినోదోద్యాన యాత్ర: స్వదేశమా? విదేశమా?

వేసవి సెలవులు సమీపించే వేళకు మా విద్యార్థుల నోట ఒక కొత్త ప్రశ్న వినవస్తున్నది. ఒకప్పుడు పెనుబల్లి ప్రాంతంలో విహారయాత్ర అనగా భద్రాచలం, పర్ణశాల, కిన్నెరసాని. మహా అయితే హైదరాబాదులో జంతుప్రదర్శనశాల, సాలార్‌జంగ్ మ్యూజియం. ఈనాడు ఆ మాటల్లో సింగపూరు, దుబాయి కూడా వచ్చి చేరినవి. మామిడి కాపు డబ్బు మే నెలలో చేతికి వచ్చిన తండ్రిని కుమారుడు, "హైదరాబాదు వండర్‌లాకు పోదామా, సింగపూరు యూనివర్సల్ స్టూడియోస్‌కు పోదామా?" అని అడుగుతున్నాడు. వినోదానికి సంబంధించినదే కదా అని ఈ ప్రశ్నను తేలికగా తీసివేయటం న్యాయం కాదు. ఒక కుటుంబం ఏడాది పొడుగునా కూడబెట్టిన ధనం, ఆ ఇంట్లో ఎవరు ప్రయాణం చేస్తారు, ఎవరు ఇంటివద్ద మిగిలిపోతారు అనే విషయం ఈ ప్రశ్నలో ఇమిడి ఉన్నవి.

ముందుగా థీమ్ పార్కు అంటే ఏమిటో చూద్దాం. జాతరలో రంగులరాట్నం, నుమాయిష్‌లో జెయింట్ వీల్ మనకు కొత్తవి కావు. హైదరాబాదు నుమాయిష్ 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల పూనికతో మొదలైనది. దాని తొలి పేరు 'నుమాయిష్ మస్నూఆతే ముల్కీ', అనగా దేశీయ వస్తువుల ప్రదర్శన. వస్తువుల కోసం వచ్చినవారికి వినోదం కొసరుగా లభించేది. థీమ్ పార్కులో అట్లా కాదు. అక్కడ ఒక కథనో, ఒక ఊహాలోకాన్నో తీసుకొని, కట్టడాలు, యంత్రాలు, సంగీతం, చివరకు పనివారి దుస్తులు సైతం దానికి అనుగుణంగా అమర్చుతారు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో 1843లోనే తీవోలీ ఉద్యానం వెలసినది. దానిని చూసి ముచ్చటపడినవారిలో వాల్ట్ డిస్నీ ఒకరు. తన కుమార్తెలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను మాత్రం బెంచీమీద ఊరక కూర్చోవలసి వచ్చినదనీ, పెద్దలు పిల్లలు కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండరాదా అని అప్పుడే తోచినదనీ ఆయన చెప్పుకున్నారు. ఆ తలంపే 17 జూలై 1955న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండుగా రూపుదిద్దుకున్నది. పెద్దలూ పిల్లలూ కలిసి అన్న ఆ మాటను పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాము. మా నిర్ణయం దానిమీదనే ఆధారపడి ఉన్నది.

అమెరికా వెలుపల తొలి డిస్నీ ఉద్యానం 1983లో టోక్యోలో, తరువాత 1992లో పారిస్ సమీపాన, 2005లో హాంకాంగులో, 2016లో షాంఘైలో వెలసినవి. సింగపూరులోని యూనివర్సల్ స్టూడియోస్ 2010లో సందర్శకులకు తలుపులు తెరిచినది. అదే సంవత్సరం అబూధాబిలో ఫెరారీ వరల్డ్ ప్రారంభమైనది. మన దేశం కూడా వెనుకబడి లేదు. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగుపిల్ల పేరిట ఢిల్లీలో 1984లో అప్పూఘర్ ఏర్పడినది. 2008లో అది మూతపడినది. బొంబాయిలో ఎస్సెల్‌వరల్డ్ 1989లోనూ, కొచ్చిలో నేటి వండర్‌లాకు మూలమైన వీగాలాండ్ 2000లోనూ వచ్చినవి. మన తెలుగునాట 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా నెలకొన్నవి. రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల చలనచిత్ర నిర్మాణ నగరం. అందులో వినోదం ఒక భాగం మాత్రమే. వేగవంతమైన రైడ్లు కోరి వెళ్లిన కుర్రవాడు అక్కడ కొంత నిరాశ చెందవచ్చును. తోటలూ, సినిమా సెట్టింగులూ చూడగోరిన తల్లిదండ్రులు మాత్రం తృప్తిగా తిరిగి వస్తారు.

"విదేశీ యంత్రాల ముందు మనవి ఏపాటి?" అనే మాట మా తరగతి గదుల్లో తరచుగా వినిపిస్తుంది. ఇది సగమే నిజం. రావిర్యాల వండర్‌లాలో 'రికాయిల్' అనే రోలర్ కోస్టర్ ఉన్నది. దానిని తయారు చేసినది నెదర్లాండ్స్ దేశపు వెకోమా సంస్థ. సింగపూరు యూనివర్సల్ స్టూడియోస్‌లో ఒకదానితో ఒకటి పోటీపడినట్లు పరుగెత్తే జంట రోలర్ కోస్టర్లను నిర్మించినది కూడా ఆ వెకోమాయే! రికాయిల్ పనిచేసే తీరు భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించగలదు. బండిని ముందు వెనుకకు లాగి ఎత్తయిన గోపురం మీదికి చేర్చుతారు. అక్కడ దానిలో నిలువ ఉన్న స్థితిజశక్తి, వదిలిన మరుక్షణం గతిజశక్తిగా మారుతుంది. బండి మూడుమార్లు తలక్రిందులై ఎదుటి ఎత్తుకు ఎక్కుతుంది. ఘర్షణ వల్ల కొంత శక్తి నష్టమవుతుంది గనుక, తిరుగు ప్రయాణానికి అక్కడ మరల కొంత పైకి లాగవలసి వస్తుంది. వదిలిన వెంటనే వచ్చిన దారినే వెనుకకు, మరల మూడుమార్లు తలక్రిందులుగా, బయలుదేరిన చోటికి వస్తుంది. గురుత్వాకర్షణ శక్తికి పాస్‌పోర్టు అక్కరలేదు. విస్తీర్ణంలోనూ ఆ రెండు ఉద్యానాలు దాదాపు సమానమే. ఒక్కొక్కటి సుమారు 50 ఎకరాలు.

అయితే తేడా లేదా? ఉన్నది. యంత్రం చుట్టూ అల్లిన కథలో ఉన్నది. విదేశీ ఉద్యానంలో వరుసలో నిలబడిన సమయం కూడా కథలో ఒక భాగమవుతుంది. గోడలు, దీపాలు, ధ్వనులు అన్నీ కలిసి మనిషిని మరో లోకానికి తీసుకుపోతాయి. ఈ విషయంలో మన ఉద్యానాలు ఇంకా ఎంతో నేర్చుకోవలసి ఉన్నది. మన పిల్లలకు బేతాళ కథలు, హాతింతాయి కథలు తెలుసు. కాని వాటి ఆధారంగా నిర్మించిన గొప్ప ఉద్యానం ఒక్కటైనా తెలుగునాట లేదు. కథలు కరువై కాదు గదా!

రక్షణ విషయం మరొకటి. అహమ్మదాబాదు కాంకరియా సరస్సు తీరాన 14 జూలై 2019న ఊయలవంటి ఒక రైడు విరిగిపడి ఇద్దరు మరణించారు. రాజకోటలో 25 మే 2024న ఒక గేమ్ జోన్ తగులబడి, పిల్లలతో సహా 27 మంది ప్రాణాలు కోల్పోయారు. అది అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం లేకుండానే నడుస్తూ ఉండినది. విదేశాల్లో ప్రమాదాలు జరగవని కాదు. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో 2 జూన్ 2015న రెండు బండ్లు ఢీకొనగా ఇద్దరు యువతులు కాళ్లు పోగొట్టుకున్నారు. దానికి మరుసటి సంవత్సరమే న్యాయస్థానం యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జుల్మానా విధించినది. పేరుపొందిన పెద్ద ఉద్యానం స్వదేశంలో ఉన్నా, విదేశంలో ఉన్నా, ఊరి చివర నాలుగు రోజుల పాటు నిలిపే జెయింట్ వీల్ కంటే నమ్మదగినదే. అనుమతి పత్రాలు చూపమని అడగటానికి మాత్రం మనం మొహమాటపడరాదు.

ఇక కాలం లెక్క చూద్దాం. పెనుబల్లి నుండి కల్లూరు, తల్లాడ, వైరా, ఖమ్మం, సూర్యాపేటల మీదుగా పోయే దారిలో, హైదరాబాదు నగరం ఇంకా రాకముందే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. అది దాటగానే పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే, నగరంలో అడుగుపెట్టకుండానే రావిర్యాల చేరవచ్చును. మొత్తం సుమారు ఐదు గంటల ప్రయాణం. రానుపోను పది, పదకొండు గంటలు. అదే సింగపూరు అయితే శంషాబాదు విమానాశ్రయానికి ఆరు గంటలు, అక్కడ మూడు గంటలు ముందుగా హాజరు, విమానంలో నాలుగున్నర గంటలు, దిగిన తరువాత తనిఖీలకూ, బసకూ రెండు గంటలు. రానుపోను ముప్పది గంటలకు తగ్గదు. ఉద్యానంలో గడిపేది ఎక్కడైనా ఎనిమిది, తొమ్మిది గంటలే. అందుచేత ఉద్యానం ఒక్కదాని కోసమే సింగపూరు పోవటం లాభసాటి బేరం కాదు. జంతుప్రదర్శనశాల, సముద్రతీరం, నగరం అన్నీ చూడగలిగి నాలుగైదు దినాలు చేతిలో ఉంటేనే ఆ ప్రయాణానికి అర్థం ఉన్నది.

ధనం లెక్క ఇంతకంటే కఠినమైనది. తల్లిదండ్రులు, ఎనిమిదేళ్లు దాటిన ఇద్దరు పిల్లలు, అరవై దాటిన నాయనమ్మ ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. సాధారణ పాస్‌పోర్టు రుసుము పెద్దలకు 1,500 రూపాయలు, పిల్లలకు 1,000 రూపాయలు, అరవై దాటినవారికి పదిశాతం తగ్గింపు. మొత్తం 6,350 రూపాయలు. ఖమ్మంలో తపాలా శాఖవారి పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్నది గనుక, దరఖాస్తు కోసం హైదరాబాదు పోనక్కరలేదు. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. ప్రయాణ దినానికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని చాలా దేశాలు కోరుతాయి. సింగపూరు వీసాకు మనిషికి 30 సింగపూరు డాలర్లు, ఏజెంటు రుసుము అదనం. వీసా నిరాకరించినా ఆ డబ్బు తిరిగి రాదు. విదేశీ యాత్రా ప్యాకేజీల మీద అక్టోబరు 2020 నుండి ఆదాయపు పన్ను శాఖవారు కొంత సొమ్మును ముందుగానే వసూలు చేయిస్తున్నారు. దాని రేట్లు పలుమార్లు మారినవి. రిటర్ను దాఖలు చేసినవారికి అది సర్దుబాటు అవుతుంది. దాఖలు చేసే అలవాటు లేనివారికి పోయినట్లే. విమానం టిక్కెట్లు, బస, భోజనం వీటన్నిటికీ పైన. స్వదేశీ యాత్రలో ఈ పద్దులలో చాలా భాగం ఉండనే ఉండవు. ఉద్యానంలోని భోజనానికి హైదరాబాదులోనైనా ధర ఎక్కువే గాని, అది భరించదగినది.

ఇక్కడ మేము గమనించిన ఒక విషయం దాచకుండా చెప్పదలచినాము. విదేశీ యాత్రకు లెక్క వేసినపుడు డబ్బు చాలకపోతే, పట్టికలోనుండి ముందుగా తొలగిపోయే పేరు నాయనమ్మది. "మోకాళ్ల నొప్పులు, అంతదూరం ఎందుకులే" అంటారు. ఇంకా చాలకపోతే ఆడపిల్ల. "పెళ్లయిన తరువాత భర్తతో పోతుందిలే" అంటారు. చివరకు తండ్రి, కొడుకు విమానం ఎక్కుతారు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించటానికి పుట్టిన వినోదం ఈ విధంగా ఇంటిని రెండుగా చీల్చటం మాకు సమ్మతం కాదు. "ఇప్పుడు వెళ్లండి, తరువాత చెల్లించండి" అనే వాయిదాల పద్ధతి దీనికి మందు కాదు. సెలవులు ముగిసి ఖరీఫ్ పెట్టుబడికి డబ్బు కావలసిన జూన్ నెలలోనే ఆ వాయిదాలూ మొదలవుతాయి. వచ్చే ఏటి మామిడి పూత ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు?

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఇంటిల్లిపాదీ పోగలిగిన యాత్రయే మేలు. మన ప్రాంతంలో అధిక కుటుంబాలకు అది హైదరాబాదుతో ఆగుతుంది. రెండవమారు కూడా పోగలిగిన చోటు అది.

అయితే విదేశం సరైన ఎంపిక అయ్యే సందర్భాలు లేకపోలేదు. ప్రయాణం ఎలాగూ తప్పనిదైనపుడు ఉద్యానం దానికి తోడవుతుంది. అమెరికాలో కుమారుని వద్దకో, కుమార్తె వద్దకో వెళ్లే తల్లిదండ్రులు ఫ్లారిడాలోని డిస్నీ వరల్డ్ చూడటం ఈ కోవలోనిది. 1971లో తెరిచిన ఆ ప్రాంగణం సుమారు 40 చదరపు మైళ్లు. అక్కడ నడవలేనివారికి చక్రాల కుర్చీలు అద్దెకు దొరుకుతాయి. సిగ్గుపడక తీసుకోవాలి. గల్ఫులో ఉద్యోగం చేసే బంధువు ఇంట బస దొరికినవారికి అబూధాబి, దుబాయిల ఖర్చు ఎంతో తగ్గుతుంది. (ఆ బంధువు పదేళ్లుగా అక్కడ ఉండి కూడా ఆ ఉద్యానం గేటు లోపలికి ఒక్కమారూ పోయి ఉండకపోవచ్చును. అతనికి కూడా ఒక టిక్కెట్టు కొనటం మర్యాద.) ఉమ్రా కోసం తీసుకున్న పాస్‌పోర్టులు ఇంట్లో సిద్ధంగా ఉన్నవారికి మొదటి మెట్టు ఖర్చు తప్పుతుంది. ఆ యాత్రను ఈ విహారంతో కలిపివేయమని మాత్రం మేము చెప్పటం లేదు.

ఋతువును కూడా గమనించాలి. మే నెలలో గల్ఫు ఎండ మన ఖమ్మం ఎండకు ఏమాత్రం తీసిపోదు. ఫెరారీ వరల్డును చాలావరకు పైకప్పు క్రింద నిర్మించటానికి కారణం అదే. సింగపూరులో వాన ఏ నెలలోనైనా వస్తుంది. పిడుగుల సూచన ఉంటే బయటి రైడ్లు ఆపివేస్తారు. అక్టోబరు మొదటి వారంలో చైనావారి జాతీయ దినోత్సవ సెలవులు; మన దసరా సెలవులు ఆ దినాల్లో పడితే హాంకాంగు, షాంఘై వైపు పోకపోవటం మంచిది. హైదరాబాదులో ఆదివారం కంటే మంగళ, బుధవారాల్లో రద్దీ తక్కువ. టిక్కెట్టు కొనేముందు పిల్లలను గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. అబూధాబిలో గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోయే రోలర్ కోస్టర్ ఎక్కటానికి 130 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అంత దూరం పోయి క్రింద నిలబడి ఏడ్చే పిల్లవాణ్ణి ఊరడించటం కష్టం.

ఇక కళాశాల తరఫున జరిపే విహారయాత్ర గురించి కార్యవర్గంవారి ఎదుట రెండు మాటలు. ఇట్టి యాత్రకు విదేశం అనే ఆలోచన అవసరం లేదని మా దృఢాభిప్రాయం. పదిమంది వెళ్లి, వందమంది ఫోటోలు చూసే యాత్ర కళాశాల యాత్ర కాజాలదు. అట్లాగని దగ్గరి చోట్లన్నీ నిరపాయకరమని భావించరాదు. హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది 8 జూన్ 2014న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువ ఆనకట్ట నుండి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద 15 సెప్టెంబరు 2019న పడవ మునిగినది. గేటు, కాపలాదారు, ప్రాణరక్షకుడు ఉన్న ఉద్యానం, ఇవేవీ లేని నది ఒడ్డు కంటే విద్యార్థులకు క్షేమకరమని మేము తలచటానికి కారణం ఈ ఘటనలే.

విద్యార్థుల బృందాలకు టిక్కెట్టులో రాయితీ ఉంటుంది. కళాశాల లెటర్‌హెడ్ మీద ముందుగా వ్రాసి అడగవలెను. బస్సుకు ఇద్దరు డ్రైవర్లుండాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు వి.ఎం.బంజర నుండి బయలుదేరితే గేటు తెరిచే వేళకు చేరవచ్చును. రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం పెట్టక, హైదరాబాదులో ఒక రాత్రి బస ఏర్పాటు చేసి మరునాడు సాలార్‌జంగ్ మ్యూజియం చూపవచ్చును. విద్యార్థినుల వెంట అధ్యాపకురాలు ఒకరు తప్పక ఉండాలి. అప్పుడే వారి తల్లిదండ్రుల సంతకం కూడా దొరుకుతుంది.