అంటువ్యాధి – వెలి

అంటువ్యాధి ఊరిలో అడుగుపెట్టిన వెంటనే, అది ఎవరివలన వచ్చెనను ప్రశ్న పుట్టును. ఏ త్రోవను వచ్చెనని అడుగువారు తక్కువ.

మన అల్వాల్‌కు దక్షిణమున, బేగంపేటలో, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని చూచెను. చెడుగాలివలన వచ్చునని తరతరములుగా నమ్మిన జ్వరమునకు అసలు త్రోవ తెలిసెను.

ఆ బేగంపేటకు ప్రక్కనేయున్న అమీర్‌పేటలో, 2020 మార్చిలో, మెట్రో స్టేషను పరిసరములందు కొన్ని గోడపత్రికలు కనబడెను. హిజ్రాలతో మాటలాడినను కరోనా సోకుననియు, వారిని దుకాణములకు రానీయక కొట్టి తరుమవలెననియు వాటి సారాంశము. కరోనా ఊపిరితోను, తుంపరలతోను ఎవరినుండి ఎవరికైనను సోకును. కాని అనుమానము ముందే సిద్ధముగానుండెను. హిజ్రాల పేర్లను పట్టీలో నమోదు చేయవలెనని 1919లో నిజాము ప్రభుత్వము చేసిన చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలోగాని కొట్టివేయలేదు.

ఇట్టి వెలివలన వ్యాధి తగ్గదు, దాగును. పేరు చెప్పగానే పరిహాసము ఎదురగునని భయపడినవారు పరీక్షకు రారు; పరీక్షకు రానివారికి మందు అందదు. హెచ్.ఐ.వి. విషయమున ఇది స్పష్టము. క్రమముగా మందు పుచ్చుకొని, రక్తములో వైరస్ కనబడని స్థితికి వచ్చినవారినుండి లైంగిక సంపర్కమువలన అది ఇతరులకు సోకదు. ఒకరిని ఆదరించి చికిత్సకు రప్పించుట పదుగురికి రక్ష.

ఒక వ్యాధి నిజముగనే ఒక వర్గములో హెచ్చుగా కనబడినచో ఏమి చేయవలెను? 2022లో మంకీపాక్స్ ఐరోపా, అమెరికాలలో ముఖ్యముగా పురుషులతో సంబంధముగల పురుషులలో వ్యాపించెను. వారి సంఘములే జాగ్రత్తలను, టీకా వార్తలను తమవారికి చేర్చెను. తనవాడు చెప్పిన మాటలో నింద ఉండదు గనుక అది చెవికెక్కును.

మన నగరమందును ఇట్టి ప్రయత్నము జరిగెను. 2021 జనవరిలో నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకై మిత్ర్ క్లినిక్ వెలసెను. వైద్యులు మొదలుగా ఆ సమాజమువారే అందు పనిచేసిరి. 2025 ఆరంభమున అమెరికా సహాయము ఆగిపోగా అది మూతపడెను. అదే యేట టాటా ట్రస్టుల తోడ్పాటుతో సబ్‌రంగ్ అను పేర మరల తెరువబడెను. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అను ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా ఆసుపత్రిలో నియమితులైరి.

మరల ఏదో ఒకనాడు మన వీధికి అంటువ్యాధి రాకపోదు. ఆనాడు గుమ్మము ముందు నిలిచిన హిజ్రాను అదలించుటకు ముందు, ఆ వ్యాధి వచ్చు త్రోవ ఏదియో విచారింతము. ఆమెకును ఆసుపత్రి దారి మూసుకొనిపోకుండ చూతము.